గోకు, నరుటో, లూఫీ ఒకే బొమ్మలో అతకడం లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

పర్లాకిమిడి_పెన్సిల్
డ్రాగన్ బాల్ గోకు, నరుటో సీరీస్ హీరో నరుటో, వన్ పీస్ లూఫీ, ఈ ముగ్గురు జపాన్ కామిక్స్ హీరోలూ ఎ3 కాగితం మీద కొట్టుకుంటున్నట్టు వేస్తున్నాను. విడివిడిగా చూస్తే ఎవరికి వారు బాగానే ఉన్నారు. కలిపి చూస్తే మూడు పుస్తకాల్లోంచి కత్తిరించి అంటించినట్టుంది. రంగులు మార్చాను, వెనకాల మహేంద్రగిరి వేశాను, కాళ్ల దగ్గర దుమ్ము లేపాను. అయినా గోకు పక్కన లూఫీ చీపురుపుల్లలా ఉన్నాడు. నరుటో అయితే వాళ్లిద్దరితో సంబంధం లేనట్టు ఎటో చూస్తున్నాడు.
గేముల్లో ఇన్నేసి సీరీసుల వాళ్లు ఒకే తెర మీద కొట్టుకుంటారు కదా, అక్కడ ఎలా అతుకుతోంది? తెలిసినవాళ్లు చెప్పండి. "ప్రాక్టీస్ చెయ్యి" అని మాత్రం అనొద్దు, అది ఇంట్లో రోజూ వింటున్నదే.

కాశీనగర్_కాకాషి
ప్రాక్టీస్ చెయ్యి.

పర్లాకిమిడి_పెన్సిల్
వచ్చాడండీ బాబూ.

జయపురం_జాయ్‌స్టిక్
గేముల్లో అతుకుతోందని ఎవరన్నారు? జంప్ ఫోర్స్ ఆడలేదా మీరు? 2019 ఫిబ్రవరిలో వచ్చింది, ఈ ముగ్గురి కథలూ వచ్చిన షోనెన్ జంప్ పత్రికకి యాభయ్యేళ్లు నిండాయని తీసిన గేమ్. గోకు, నరుటో, లూఫీ ముగ్గురూ అట్ట మీదే ఉంటారు. అందరికీ నిజం మనుషుల్లా చర్మం, బట్టలకి ముడతలు, జుట్టుకి ప్లాస్టిక్ మెరుపు. లూఫీ గుడ్లు తేలేసి నిలబడితే నాకైతే జాలేసింది. వెనకాల న్యూయార్క్ వీధులు. డబ్బు పెట్టి, పెద్ద స్టూడియో పెట్టి చేసినవాళ్లకే అతకలేదు, మీరు బాధపడకండి.

గుణుపురం_గోహాన్
అందుకే 2022లో స్టోర్లలోంచి తీసేశారు.

జయపురం_జాయ్‌స్టిక్
బొమ్మ బాలేదని ఎవడూ గేమ్ తీసెయ్యడు తమ్ముడూ. ఫిబ్రవరిలో డిజిటల్ అమ్మకం ఆపారు, ఆగస్టులో ఆన్‌లైన్ సర్వర్లు ఆపారు. ఇన్ని సీరీసుల హక్కులు ఒక దారాన కట్టి ఉంచడం మాటలా? డిస్క్ కొన్నవాళ్లు ఇప్పటికీ ఇంట్లో ఆడుకుంటున్నారు, నాలాంటి పిచ్చోళ్లు.

రాయగడ_రోల్‌బ్యాక్
పెన్సిల్ గారి ప్రశ్నకి జవాబు జంప్ ఫోర్స్‌లో దొరకదు, ఆర్క్ సిస్టమ్ వర్క్స్ అనే గేమ్ కంపెనీ వాళ్ల దగ్గర దొరుకుతుంది. 2014లో గిల్టీ గియర్ ఎక్సర్డ్, 2018 జనవరిలో డ్రాగన్ బాల్ ఫైటర్‌జెడ్. రెండూ చూడ్డానికి చేత్తో గీసినట్టు ఉంటాయి, లోపల మొత్తం 3డి మోడళ్లే.

ఎలా చేశారంటే, ముందు వెలుతురు సంగతి. మామూలు గేములో సీన్ అంతటికీ ఒకే లైటు. వీళ్లు ఒక్కో పాత్రకి సొంత లైటు ఇచ్చి, ఏ భంగిమలో నీడ ఎక్కడ పడితే బొమ్మ బాగుంటుందో అక్కడ పడేలా చేత్తో తిప్పారు. నీడ మెల్లగా కరిగిపోదు, ఒక గీత దగ్గర టక్కున ఆగిపోతుంది. ముఖం మీద నీడ ముక్కలు ముక్కలుగా పడకుండా మోడల్ ఉపరితలం ఏ వైపు చూస్తోందన్న లెక్కని కూడా చేత్తో దిద్దారు. కదలికలో ఇంకో మాయ ఉంది. ఒక భంగిమకీ ఇంకో భంగిమకీ మధ్య ఫ్రేములని కంప్యూటరే నింపుతుంది కదా, అది ఆపేశారు. ఒక భంగిమని రెండు మూడు ఫ్రేములు అలాగే ఉంచి, ఠక్కున తర్వాతిది. గేమ్ సెకనుకి 60 ఫ్రేముల మీదే నడుస్తుంది, బొమ్మ మాత్రం టీవీ యానిమేలాగ ఆగి ఆగి కదులుతుంది. గుద్దు విసిరితే ఆ కాసేపు పిడికిలిని తలకాయంత చేస్తారు. అదే మోడల్‌ని పక్కనుంచి తిప్పి చూస్తే జడుసుకుంటాం.

అంచేత మీ బొమ్మలో నేను మొదట చూసేది నీడ. గోకు మీద రెండు రంగుల గట్టి నీడ, నరుటో మీద వేలితో రుద్దిన మెత్తటి నీడ ఉంటే మహేంద్రగిరి కాదు, హిమాలయాలు వేసినా కలవరు.

పర్లాకిమిడి_పెన్సిల్
నరుటోకి వేలితో రుద్దిన మాట నిజమే. మీకెలా తెలిసింది? బొమ్మ ఇంకా పెట్టనే లేదు.

రాయగడ_రోల్‌బ్యాక్
అందరూ అదే చేస్తారు. నరుటో బుగ్గ మీద మీసాల గీతలు చూడగానే వేలు ఆగదు.

గుణుపురం_గోహాన్
అన్నా, అంత రాశావు గానీ ఫైటర్‌జెడ్‌లో ఉన్నవాళ్లంతా ఒకే ఊరి వాళ్లు. గోకు, వెజీటా, ఫ్రీజా, అందరినీ పుట్టించింది డ్రాగన్ బాల్ గీసిన తోరియామానే. అక్కడ అతకడం గొప్పేటి? ఆమె అడిగింది వేరే వేరే సీరీసుల గురించి. ఆర్క్ వాళ్లే అదే 2018లో బ్లేజ్‌బ్లూ క్రాస్ ట్యాగ్ బ్యాటిల్ తీశారు, దాంట్లో నాలుగు సీరీసులు కలిపారు. పాత గేముల్లోంచి తెచ్చి వాడిన బొమ్మలకీ, రూబీ (RWBY) అనే సీరీస్ వాళ్ల కోసం కొత్తగా గీసిన బొమ్మలకీ తేడా నాకు ఫోన్లో చూసినా తెలుస్తుంది.

రాయగడ_రోల్‌బ్యాక్
తెలుస్తుంది. ఆట మొదలయ్యాక పట్టించుకోవు, అది కూడా నిజం.

గుణుపురం_గోహాన్
ఆటలో పట్టించుకోను. ఆమెది గోడకి తగిలించే బొమ్మ కదా. అందులో బొమ్మ తప్ప చూడ్డానికి ఇంకేం లేదు.

జయపురం_జాయ్‌స్టిక్
ఈ మాటకి ఒక సోడా.

మగ్గం_మాస్టర్
ఇలాంటివాటికి తాతల్లో ఒకటి జంప్ అల్టిమేట్ స్టార్స్. 2006, నింటెండో డిఎస్, జపాన్ దాటి ఎక్కడా విడుదల కాలేదు. 41 సీరీసులు, మూడొందల మందికి పైగా. ఆ చిన్న తెర మీద పట్టాలి కాబట్టి అందరినీ ఒకే కొలతకి తెచ్చారు. తల కాస్త పెద్దది, కాళ్లు పొట్టి, చుట్టూ ముదురు గీత, ఒక్కొక్కరికి గుప్పెడు రంగులు. గోకు అయినా లూఫీ అయినా అదే అచ్చు. అందుకే సొంత ఫైటింగ్ గేమ్ తయారుచేసుకునే ముగెన్ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా పాత్రలు చేసుకునే కుర్రాళ్లు ఇప్పటికీ ఆ బొమ్మలనే పునాదిగా తీసుకుంటారు. ఆ గేములో లేని పాత్రని కూడా అదే పద్ధతిలో గీసి కలిపేస్తారు.

నేను నేర్చుకున్నదీ అక్కడే. మాది బరంపురంలో పట్టు నేసే ఇల్లు. అంచు డిజైను గీసే గళ్ల కాగితం ఇంట్లో కట్టలు కట్టలు ఉండేది. గడికి ఒక రంగు, కుంభం అంచు మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. దాని వెనక్కి తిప్పి వెజీటాని దించాను. నుదురు ఎత్తు ఆరు గడులు, జుట్టు పద్నాలుగు. రెండు గడులు తగ్గిస్తే బోడిగుండు క్రిలిన్‌కి విగ్గు పెట్టినట్టు వచ్చేవాడు. నాన్న చూసి "ఈ అంచు ఎవరు కట్టుకుంటార్రా" అన్నాడు, కాగితం వేస్టు చేసినందుకు మాత్రం తిట్టలేదు.

పెన్సిల్ అమ్మాయీ, నా మాట: ముగ్గురినీ ఎవరి గీతలో వాళ్లని వెయ్యకు. ముందు ఒక గీత ఎంచుకో, ముగ్గురినీ అందులోకి లాగు.

కాశీనగర్_కాకాషి
వెజీటా అంచు పట్టుచీర నేను కొంటాను. మా అమ్మకి పెట్టుబడి.

బరంపురం_బాద్షా
మాస్టారి అంచు సంగతి ఏమో గానీ, నేను ఠాకురాణి యాత్రలో నరుటో కథలోని విలన్ల ముఠా అకాట్సుకి వేషం కట్టాను. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర, ఊళ్లో సగం మంది ఏదో ఒక వేషం వేస్తారు, పులి వేషాలైతే లెక్కే లేదు. నల్ల బట్ట మీద ఎర్ర మబ్బులు దర్జీ చేత కుట్టించాను. ఎండాకాలంలో నల్ల కోటు, అనుభవించినవాడికే తెలుస్తుంది. వీధి చివర ఒక మామ్మ ఆపి "ఏ దేవుడి మొక్కు నాయనా ఇది" అని అడిగింది. ఆ ముఠాలో ఒకడైన ఇటాచీ పేరు చెప్పాను. దణ్ణం పెట్టింది.

జయపురం_జాయ్‌స్టిక్
😂😂 ఇటాచీకి దణ్ణం పెడితే తప్పేం లేదు.

సిరొంచ_సెన్సేయ్
మాస్టర్ అన్న చెప్పింది కరెక్టే కానీ "ఒక గీత ఎంచుకో" అంటే సరిపోదు, ఎవరి గీతలో ఏముందో తెల్వాలి కదా. నేను ప్రాణహిత ఒడ్డున మరాఠీ మీడియంలో చదివినోణ్ణి, తెలుగు రాత అటు ఇటు ఉంటే ఏమనుకోకుండ్రి. బొమ్మల మీద మాత్రం మస్తు టైం పెట్టిన.

తోరియామా గీత కోణాలు కోణాలుగా పోతది. కండ ఎక్కడ ఆగుతదో అక్కడ గీత విరుగుతది. నీడ చాలా తక్కువ, ఉన్నకాడ నల్లగా నింపేస్తడు. లూఫీని గీసే ఓడా గీత దానికి పూర్తిగా ఉల్టా. కాళ్లు చేతులు సన్నగ, పొడుగ్గ, బట్టల నిండా సన్న గీతలు, ఖాళీ జాగ ఉంచడు. నరుటోని గీసిన కిషిమోతో కెమెరా లెన్స్ పెట్టి చూసినట్టు గీస్తడు, ముందుకొచ్చిన కాలు పెద్దగ, తల చిన్నగ. మీ నరుటో "ఎటో చూస్తున్నడు" అన్నారు కదా, వాడు వేరే లెన్సులో ఉన్నడు. మిగతా ఇద్దరినీ మన కంటి ఎత్తునుంచి చూసినట్టు వేసి, నరుటోని కింది నుంచి వేసి ఉంటరు. చూపుగీత ఒక్కటి చెయ్యండి, సగం సమస్య పోతది.

ఎత్తులు కూడా చూసుకోండి. గోకు 175 సెంటీమీటర్లు, పెద్దయిన లూఫీ 174. ఒక్క సెంటీమీటరే తేడా! లూఫీ చీపురుపుల్ల అయింది ఎత్తు వల్ల కాదు, భుజాల వల్ల. షిప్పుడెన్ అనే రెండో భాగంల నరుటో 166, ఇద్దరి కన్నా పొట్టి.

గుణుపురం_గోహాన్
లూఫీ కథలో విలన్ కైడోని వెయ్యమనండి, 710 సెంటీమీటర్లు. ఎ3 లో గోకు అగ్గిపుల్లంత.

పర్లాకిమిడి_పెన్సిల్
సెన్సేయ్ గారూ, లెన్సు మాట వినగానే వెళ్లి స్కేలు పెట్టి చూశాను. నరుటో కళ్ల గీత మిగతా ఇద్దరి నడుము దగ్గరికి వస్తోంది. మోకాలు వంచి ఉన్నాడు కదా అనుకున్నాను ఇన్నాళ్లూ.
తోరియామా, ఓడా ఇద్దరూ కలిసి క్రాస్ ఎపోక్ అని ఒక చిన్న కథ గీశారు కదా, దాంట్లో ఎలా చేశారో చూస్తాను.

జయపురం_జాయ్‌స్టిక్
చూడండి, బాగుంటుంది. అందులో కొట్టుకోవడం కన్నా టీ పార్టీకి వెళ్లడం ఎక్కువ. అసలు వాళ్లిద్దరికీ అతకడం గురించి దిగులున్నట్టే ఉండదు.

ఎఐ_అప్పారావు
ఇంత కష్టం దేనికి? ఎఐకి చెప్తే ముప్ఫై సెకన్లలో ముగ్గురినీ ఒకే స్టైల్లో ఇస్తుంది. నేను చేయించాను, చూస్తారా?

గుణుపురం_గోహాన్
చూశాను నువ్వు పంపింది. లూఫీ టోపీ గోకు పెట్టుకున్నాడు, నరుటోకి నుదుటి పట్టీ మీద ఆకు గుర్తు బదులు నత్త ఉంది.

కాశీనగర్_కాకాషి
ఆరో వేలు మర్చిపోయావ్. నరుటో అరచేతిలో తిప్పే శక్తి బంతి రాసెంగన్ పట్టుకోవడానికి ఎక్స్‌ట్రా గ్రిప్.

మగ్గం_మాస్టర్
ఎఐ ముగ్గురినీ ఒకే స్టైల్లోకి తెచ్చిన మాట నిజం అప్పారావూ. తెచ్చి ముగ్గురికీ ఒకే మొహం పెట్టింది. గోకు జుట్టు చూడు, ఎడమవైపు ఎన్ని కొనలు, కుడివైపు ఎన్ని కొనలు అన్నది లెక్క. వెనక నుంచి నీడ చూసినా గోకు అని గుర్తుపడతాం, అది కాస్తా పోయింది.

ఎఐ_అప్పారావు
జుట్టు ఎవడు లెక్కపెడతాడండీ.

మగ్గం_మాస్టర్
ఈ చర్చలో ఉన్న అందరూ.

రాయగడ_రోల్‌బ్యాక్
పాత 2డి గేముల్లో కూడా ఈ జుట్టు గోల ఉంది. పాత్ర అటు తిరిగితే బొమ్మని అద్దంలోలాగ తిప్పేస్తారు. స్ట్రీట్ ఫైటర్‌లో సాగాట్ కంటి పట్టీ వైపు మారిపోతుంది చూడండి. ఫ్యాన్ ఆర్ట్‌లో ఆ సౌకర్యం లేదు, తిప్పితే దొరికిపోతారు.

కాశీనగర్_కాకాషి
మీరంతా 2డి, 3డి, లెన్సు అంటున్నారు. నేను ఏడు వేల రూపాయల ఫోన్లో పిఎస్‌పి గేములు ఆడించే పిపిఎస్‌ఎస్‌పిపి యాప్ పెట్టి, డ్రాగన్ బాల్ గేమ్ టెంకాయిచి ట్యాగ్ టీమ్‌కి అభిమానులు మార్చి చేసిన మోడ్ ఆడుతున్నాను. దాంట్లో నరుటో ఉన్నాడు, జుజుట్సు కైసెన్ సుకునా ఉన్నాడు, ఎవడో మన హీరో మొహం కూడా అంటించాడు. సుకునా వేసేది గోకు దెబ్బ కమేహమేహనే. నాకు ఏ తేడా కొట్టలేదు.

జయపురం_జాయ్‌స్టిక్
అది 2010 నాటి పిఎస్‌పి గేమ్ రా బాబూ, పైన తోలు మార్చారు. లోపల ఎముకలు గోకువే. అందుకే సుకునా కూడా గోకులాగే ఎగురుతాడు.

కాశీనగర్_కాకాషి
అదే కదా మాస్టర్ గారు చెప్పింది, అందరినీ ఒకే అచ్చులోకి లాగమని. మోడ్ చేసినవాడు ముందే పాటించాడు.

మగ్గం_మాస్టర్
వీడితో వాదన పెట్టుకోవద్దు.

రాయగడ_రోల్‌బ్యాక్
ఒక్క తేడా ఉంది కాకాషీ. జంప్ అల్టిమేట్ స్టార్స్‌లో గీత ఒకటే, దెబ్బలు మాత్రం ఎవరివి వాళ్లవి. లూఫీ చెయ్యి దూరం నుంచే తగులుతుంది, కాబట్టి వాడితో ఆడే పద్ధతే వేరు. నీ మోడ్‌లో మొహాలు వేరు, ఆట ఒకటే. బొమ్మకీ ఇదే వర్తిస్తుంది. పెన్సిల్ గారు ముగ్గురినీ ఒకే గీతలో వేసినా, నిలబడే తీరు మాత్రం ఎవరిది వాళ్లకే ఉంచాలి. గోకు బరువు వెనక కాలి మీద, లూఫీ అసలు నేల మీద ఆనడు, నరుటో ముందుకి పడిపోతున్నట్టు ఉరుకుతాడు. నల్లటి నీడగా నింపేసి చూడండి, ముగ్గురూ గుర్తుపట్టేలా ఉంటే పాస్.

గుణుపురం_గోహాన్
ఒక ఐడియా. ముగ్గురికీ సంబంధం లేని నాలుగో గీత తెస్తే? మా గుణుపురం దాటి పుట్టాసింగి వైపు వెళ్తే సవరల ఇళ్లల్లో గోడ బొమ్మలు ఉంటాయి, ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపు, సన్నటి పొడుగు మనుషులు, ఏనుగులు, గుర్రాలు. ముందు చుట్టూ అంచు గీసి లోపలికి నింపుకుంటూ వస్తారు. అందులో గోకు నిమ్బస్ మబ్బు మీద వెళ్తుంటే ఊహించండి.

బరంపురం_బాద్షా
అదిరింది. వార్లీలాగ ఉంటుంది కదా?

గుణుపురం_గోహాన్
వార్లీ మహారాష్ట్ర వాళ్లది, అందులో ఒళ్లు రెండు త్రికోణాలు కలిపినట్టు ఖచ్చితంగా ఉంటుంది. సవర బొమ్మ ఇంకా పొడుగు, అంత పదును ఉండదు. అందరూ రెండూ ఒకటే అనేస్తారు.

పర్లాకిమిడి_పెన్సిల్
అది నేను చెయ్యను గోహాన్. ఆ బొమ్మ వాళ్లు అలంకారానికి వేసేది కాదు. ఇంట్లో రోగమో, చావో, పంటో, దానికోసం పెద్దల పేరున, దేవతల పేరున వేస్తారు, పూజ చేస్తారు. మా వీధిలో కేఫ్ గోడ మీద పెయింట్ డబ్బాతో వేసినవాళ్లు ఉన్నారు, దాని సంగతి వేరే. నేను మాత్రం అందులోకి ఫ్రీజాని తీసుకెళ్లలేను.

గుణుపురం_గోహాన్
ఇప్పుడు సవర కుర్రాళ్లే కాగితం మీద వేసి అమ్ముతున్నారక్కా. చీరల మీద కూడా వస్తోంది.

పర్లాకిమిడి_పెన్సిల్
వాళ్లు వేస్తే అది వాళ్ల ఇష్టం, వాళ్ల అన్నం. ఒక సవర కుర్రాడు గోకుని వేస్తే మొదటి ప్రింటు నేనే కొంటాను.

సిరొంచ_సెన్సేయ్
ఈ మాట నాకు నచ్చింది. గోహాన్ ఐడియా కూడా తప్పు కాదు, మనిషి తప్పు.

మగ్గం_మాస్టర్
అమ్మాయీ, నాలుగో గీత మీ ఊళ్లోనే ఉంది కదా. గంజప్ప చీట్లు!

కాశీనగర్_కాకాషి
పేకాటా? మా నాన్న కూడా ఈ చర్చలో చేరతాడు.

మగ్గం_మాస్టర్
గుండ్రటి చీట్లు రా. పర్లాకిమిడిలో చేసేవాళ్లు. దశావతార గంజప్ప అంటే పది రంగులు, రంగుకి పన్నెండు చీట్లు, మొత్తం 120. పన్నెండులో పది అంకెల చీట్లు, మిగతావి రాజు, మంత్రి. మత్స్యానికి చేపలు, పరశురాముడికి గొడ్డళ్లు, ఇలా గుర్తు పెడతారు. బొమ్మకి చదునైన రంగు, నల్లటి గట్టి గీత, నీడ అనేదే లేదు. రోల్‌బ్యాక్ అంతసేపు చెప్పిన నీడల గొడవ మొత్తం ఎగిరిపోతుంది.

రాయగడ_రోల్‌బ్యాక్
నా పోస్టు మొత్తం ఒక్క వాక్యంలో కొట్టేశారు. కానీ ఒప్పుకోక తప్పదు, ఇది బ్రహ్మాండంగా ఉంది. రంగుకి ఒక సీరీస్. రాజు అసలు ఆటగాడు, మంత్రి వాడికి అసిస్ట్. ఫైటర్‌జెడ్‌లో బటన్ నొక్కితే పక్కవాడు వచ్చి ఒక దెబ్బ వేసి వెళ్లడు? అదే మంత్రి.

పర్లాకిమిడి_పెన్సిల్
ఆగండి ఆగండి, రాసుకోనివ్వండి.
మా ఇంట్లో తాతయ్య నాటి చీట్లు అటక మీద ఒక చెక్కపెట్టెలో ఉన్నాయి. అరచేతిలో పట్టేంత, అంచులు చిట్లాయి. మూత తియ్యగానే లక్క వాసన. ఒక్క చీటీ పట్టి చూశాను, అర అంగుళం మొహంలో కన్ను ఒకే గీత. ఇంత చిన్న గుండ్రంలో లూఫీని ఇరికిస్తే వాడు సన్నం అన్న సంగతే తెలీదు, చెయ్యి వృత్తం చుట్టూ తిప్పెయ్యొచ్చు!

సిరొంచ_సెన్సేయ్
చెయ్యి చుట్టూ తిప్పుడు సూపర్. అట్ల చేస్తే అంచు కూడా అయిపాయె.

ఎఐ_అప్పారావు
చేసి ఆన్‌లైన్లో అమ్మండి, బాగా పోతాయి.

బరంపురం_బాద్షా
అమ్మకం దగ్గరకొచ్చేసరికి జాగ్రత్త అక్కా. గోకు మీద హక్కు మనది కాదు. గీసుకుని ఇంట్లో పెట్టుకుంటే, స్నేహితులకి చూపిస్తే ఎవరూ ఏమీ అనరు. వ్యాపారం అంటే హక్కుదారుల అనుమతి కావాలి. జపాన్లో కోమికెట్ 1975 నుంచి జరుగుతోంది, అభిమానులు సొంతంగా గీసిన పుస్తకాలు అమ్ముతారు, కంపెనీలు చాలావరకు చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టు కాదు.

పర్లాకిమిడి_పెన్సిల్
అమ్మే ఉద్దేశం లేదు గానీ ఒక కడుపుమంట ఉంది, చెప్తాను. పోయినేడాది నేను వేసిన గోకు, బ్లీచ్ హీరో ఇచిగో బొమ్మని ఎవరో టీషర్టు మీద అచ్చేసి ఎగ్జిబిషన్ స్టాల్లో తగిలించారు. మూల నా సంతకం కూడా అచ్చయింది, దాని మీద ధర చీటీ అంటించారు. అడిగితే "బొమ్మ నీదా? గోకు నీవాడా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

జయపురం_జాయ్‌స్టిక్
"గోకు నీవాడా" 😂 వాడికి లా కాలేజీలో సీటివ్వాలి. కానీ గీత మీది. ఆ ఒక్క భంగిమకి మీరు పడ్డ కష్టం మీదే.

బరంపురం_బాద్షా
పాత్ర వాళ్లది, గీత ఈమెది, డబ్బు మూడోవాడిది. ట్యాగ్ టీమ్ అంటే ఇదీ.

రాయగడ_రోల్‌బ్యాక్
ఈసారి సంతకం మూలన పెట్టకండి, జుట్టులోనో బట్ట ముడతలోనో కలిపెయ్యండి. నెట్లో పెట్టేది చిన్న సైజులో పెట్టండి, టీషర్టుకి చాలదు.

పర్లాకిమిడి_పెన్సిల్
మూడు రాజు చీట్ల పెన్సిల్ గీత అయింది, చర్చలో పెట్టాను, చూడండి. గోకు రంగుకి డ్రాగన్ బాల్ గుర్తు, నరుటోకి ఆకు సుడి, లూఫీకి గడ్డి టోపీ. డ్రాగన్ బాల్ రంగుకి మంత్రి వెజీటా, లూఫీకి జోరో. నరుటో మంత్రి దగ్గర ఆగిపోయాను.

గుణుపురం_గోహాన్
ససుకే. ఇందులో ఆలోచించడానికేముంది.

కాశీనగర్_కాకాషి
మంత్రి అంటే సలహా చెప్పేవాడు. ససుకే జీవితంలో ఎవరికైనా మంచి సలహా చెప్పాడా? షికమారు.

జయపురం_జాయ్‌స్టిక్
మొట్టమొదటిసారి కాకాషి పనికొచ్చే మాట అన్నాడు. నరుటో హోకాగే, అంటే ఊరి పెద్ద, అయ్యాక పక్కన ఉన్నది షికమారే కదా.

గుణుపురం_గోహాన్
అసిస్ట్ అన్నారు మీరే. షికమారు తన నీడతో శత్రువుని కట్టేసి నిలబడతాడు, దెబ్బ ఎవరు వేస్తారు?

రాయగడ_రోల్‌బ్యాక్
నీడ వేసి పట్టుకుంటే కాంబో, అంటే వరస దెబ్బలు, పొడిగించుకోవచ్చు, అంతకన్నా మంచి అసిస్ట్ ఏం కావాలి? ఫైటింగ్ గేమ్ ఆడేవాడివి నువ్వేనా?

గుణుపురం_గోహాన్
ఆదివారం రాత్రి ఫైటర్‌జెడ్‌లో రా అన్నా, తేల్చుకుందాం.

రాయగడ_రోల్‌బ్యాక్
వస్తా. 2024లో రోల్‌బ్యాక్ పెట్టారు కాబట్టి నెట్ సాకు చెల్లదు. ఇదివరకు మన కొండల మధ్య నెట్‌కి బటన్ నొక్కాక టీ తాగి వస్తే దెబ్బ పడేది. ఇప్పుడు అవతలివాడు ఏం నొక్కుతాడో గేమే ముందుగా ఊహించి నడిపించేస్తుంది, ఊహ తప్పితే వెనక్కి వెళ్లి దిద్దుకుంటుంది. మరీ చెడ్డ నెట్ అయితే మనిషి ఇక్కడ మాయమై అక్కడ తేలతాడు, మాయమయ్యే విద్య ఉన్న గోకు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సిరొంచ_సెన్సేయ్
పెన్సిల్ గారూ, నరుటో చూపు ఇప్పుడు సరిగ్గుంది. గోకు మెడ కొంచెం సన్నం చేయండి, గుండ్రంలో భుజాలు అంచుకి తగులుతున్నయ్.

మగ్గం_మాస్టర్
చీటీలకి అట్ట వాడకు అమ్మాయీ, ఆడేకొద్దీ అంచులు లేస్తాయి. పాత నూలు బట్ట పొరలు పొరలుగా చింతపిక్కల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఎండాక గుండ్రంగా కోస్తారు. రంగు వేశాక పైన లక్క. బట్ట కావాలంటే మా ఇంట్లో బోలెడు ఉంది, మెత్తబడ్డ పంచెలు. ముందు మూడు చీట్లకి సరిపడా జిగురు ఉడకబెట్టి చూడు, పల్చగా ఉంటే పొరలు విడిపోతాయి.

పర్లాకిమిడి_పెన్సిల్
పంచెలు పంపండి మాస్టారూ, చింతపిక్కలు ఇక్కడ దొరుకుతాయి. అంకెల చీట్లలో డ్రాగన్ బాల్ రంగుకి ఒకటో నంబరు మీద గుర్తుతో పాటు ఒక చిన్న మనిషిని కూడా వెయ్యాలని ఉంది. ఎవరిని వెయ్యను?

కాశీనగర్_కాకాషి
యాంచా. డ్రాగన్ బాల్‌లో చచ్చిపడ్డప్పటిలా గుంటలో ముడుచుకుని పడుకున్నట్టు. చీటీ గుండ్రంగానే ఉంది, గుంట విడిగా గియ్యక్కర్లేదు.